కప్పు కింద ఎందరు?



2011 ఫిబ్రవరిలో నాకు జనాభా లెక్కల డ్యూటీ పడింది. బడి వదలగానే ఫారాల సంచీ భుజాన వేసుకుని బయల్దేరడం, చీకటి పడేదాకా ఇల్లిల్లూ తిరగడం. 9వ తేదీన మొదలై 28వ తేదీ దాకా సాగిన పని. నాకిచ్చిన బ్లాకు అమలాపురానికి కాస్త దూరంలో, ఒక కాలవ వెంబడి ఉంది. నూటముప్పై ఇళ్లు. అంతకుముందు ఏడాది ఇళ్ల జాబితా రాసినవాళ్లు చేత్తో గీసిన పటం నా దగ్గర ఉంది. రామాలయం, చేతిపంపు, రైసుమిల్లు, కాలవ మీద వంతెన, వాటి మధ్య చిన్న చిన్న బొమ్మలు. పక్కా ఇల్లయితే చతురస్రం, కచ్చా ఇల్లయితే త్రికోణం. పక్కనే ఇంటి నంబరు.

ఇక రెండు మూడు రోజుల్లో పని అయిపోతుందనగా, ఒక సాయంత్రం కొబ్బరితోటలో నుంచి సన్నగా పొగ లేవడం చూశాను. పటంలో అక్కడ ఏమీ లేదు. గట్టు మీద నడుచుకుంటూ వెళ్తే మూడు వరసల చెట్ల వెనక తాటాకు ఇల్లు. ముంగిట్లో పొయ్యి, పొయ్యి ముందు ఒక ముసలావిడ.

"ఎవరు బాబూ?"

"జనాభా లెక్కలండి, మామ్మగారూ."

"నన్ను కూడా రాస్తారా మాష్టారూ? నేనొక్కత్తినే కదా."

రాశాను. కుటుంబ సభ్యుల సంఖ్య ఒకటి. ఆవిడ పొయ్యి వెలిగించడం అరగంట ఆలస్యమయితే నేను దాటిపోయేవాణ్ణి. అప్పట్నుంచి ఒక విషయం పట్టుకుని చదువుతూ వస్తున్నాను. భూమి మీద మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో ఆకాశం మీద నుంచి చూసి పటం గీసే పని ఒకటి నడుస్తోంది. ఆ పటానికి మామ్మ కనిపిస్తుందా? ఇవాళ నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

1972 జులై 23న అమెరికా ఒక ఉపగ్రహాన్ని పంపింది. దానికి తరవాత లాండ్‌శాట్ అని పేరు స్థిరపడింది. భూమిని గళ్లుగళ్లుగా చూస్తుంది. ఒక్కో గడి దాదాపు 80 మీటర్ల వెడల్పు. మన కొలతలో చెప్పాలంటే ఎకరంన్నర పైచిలుకు. ఎకరంన్నరలో ఇల్లూ, పెరడూ, గడ్డివామీ, చెరువూ అన్నీ కలిసిపోయి ఒకే రంగు చుక్క అవుతాయి. పదేళ్ల తరవాత వచ్చినవాటిలో గడి 30 మీటర్లకు తగ్గింది. అంటే 22 సెంట్లు. ఐరోపావాళ్లు 2015లో పంపిన సెంటినెల్-2 గడి 10 మీటర్లు. అంటే రెండున్నర సెంట్లు. పల్లెల్లో పేదలకు సర్కారు ఇచ్చిన ఇంటి స్థలం సెంటున్నర. ఆ స్థలంలో కట్టుకున్న ఇల్లు ఆ గడిలో సగం కూడా నిండదు. మన శ్రీహరికోట నుంచి 2019లో వెళ్లిన కార్టోశాట్-3 పావు మీటరు దాకా చూడగలదు. కళ్లాపి జల్లిన వాకిలి కూడా తేలుతుంది. అయితే అంత సూక్ష్మమైన చిత్రాలు ప్రపంచమంతటికీ, ప్రతి ఏడాదికీ, ఉచితంగా దొరకవు.

ఉచితం అన్నానని దాన్ని చిన్న మాట అనుకోకండి. ఒకప్పుడు ఒక్కో లాండ్‌శాట్ చిత్రం వందల డాలర్లు. ఒక జిల్లా పెరుగుదల చూడాలన్నా విశ్వవిద్యాలయాలు వెనకాడేవి. 2008లో ఆ చిత్రాల ఖజానా మొత్తాన్ని అందరికీ ఊరికే తెరిచేశారు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు అదే. కొత్త కెమెరా కంటే తలుపు తెరవడమే ఎక్కువ పని చేసింది. ఇటలీలో మజ్జోరె సరస్సు ఒడ్డున ఇస్ప్రా అనే ఊళ్లో యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడివాళ్లు ఆ పాత చిత్రాలన్నీ వరసగా పేర్చి, 1975 నుంచి ఐదేసి ఏళ్లకొకసారి భూమి మీద కట్టడాలు ఎక్కడ మొలిచాయో పటం గీశారు. దాని పేరు గ్లోబల్ హ్యూమన్ సెటిల్‌మెంట్ లేయర్. ఎవరైనా దింపుకుని చూడవచ్చు. హైదరాబాదు మీద పెట్టి ఏళ్లు మారుస్తూ చూస్తే, పడమటి వైపు రాళ్లగుట్టల్లో ఒకటీ అరా చుక్కలుగా మొదలై మాదాపూర్, గచ్చిబౌలి ఎలా ముద్దగట్టాయో కళ్లముందు జరిగినట్టే ఉంటుంది.

మరి యంత్రానికి ఇల్లు ఇదీ అని ఎలా తెలుస్తుంది? రంగును నమ్ముకుంటే పని జరగదు. సిమెంటు శ్లాబూ, ఎండిన ఏటి ఇసుకా, బీడు నేలా పైనుంచి చూస్తే ఇంచుమించు ఒకటే. అందుకని యంత్రం అల్లికను చూస్తుంది. ఇళ్లున్న చోట వెలుగూ నీడా పక్కపక్కనే, కప్పు మెరుపు, దాని వెంటే గోడ నీడ, మళ్లీ కప్పు, మళ్లీ నీడ. నేతచీరలో నూలు వరసలాగ ఆ మార్పు దగ్గర దగ్గరగా వస్తుంది. పొలంలో అలా రాదు. ఈ ఉపాయం పట్నాల్లో బాగా పనిచేస్తుంది. రాళ్లగుట్టల్లో మోసపోతుంది. అక్కడ కూడా వెలుగూ నీడా అలాగే ఆడుతుంటాయి మరి.

ఇంకో దారి రాడార్. కెమెరా సూర్యుడి వెలుతురు మీద ఆధారపడితే, రాడార్ తన తరంగాన్ని తానే పంపి, తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుంది. చిన్నప్పుడు వీధరుగు మూలకేసి రబ్బరు బంతి కొట్టి ఆడుకునేవాళ్లం గుర్తుందా? నేలకు తగిలి, గోడకు తగిలి బంతి మళ్లీ మన చేతికే వస్తుంది. రాడార్ తరంగం కూడా అంతే. నేలా గోడా కలిసే మూల ఎక్కడుందో అక్కడ నుంచి బలంగా తిరిగొస్తుంది. మబ్బు అడ్డం కాదు, చీకటి అడ్డం కాదు. జర్మనీ అంతరిక్ష సంస్థ వాళ్లు లాండ్‌శాట్ చిత్రాలతో పాటు ఈ రాడార్ సమాచారాన్నీ వాడి తమ పటం గీశారు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసా కలిసి పంపిన నైసార్ కూడా రాడార్ ఉపగ్రహమే. అది వాడే రెండు తరంగాల్లో పొడవైనది 24 సెంటీమీటర్లది. అది ఆకుల్ని కొంతవరకు దాటుకుని లోపలికి వెళ్తుంది. నేల కదలికలకూ, మంచుకూ, అడవులకూ చేసిన ఉపగ్రహం అది. ఇళ్లు లెక్కపెట్టడం దాని పని కాదు. అయినా ఆకుల్ని దాటుతుంది అని చదివినప్పుడు నాకు ఆ కొబ్బరితోట గుర్తొచ్చింది.

ఎందుకంటే తాటాకు ఇంటికి ఈ రెండు దారులూ సరిగా పనిచేయవు. ఎండిన తాటాకు రంగు ఎండిన నేల రంగే. కప్పు చూరు నేలకు అడుగున్నర ఎత్తుదాకా దిగి ఉంటుంది. గోడ కనబడదు, నీడ పొట్టి, మూల మెత్తన. పైన కొబ్బరి మట్టల గొడుగు సరేసరి. పేదవాళ్ల ఇల్లు నేలలోంచి పుట్టి నేలలాగే ఉంటుంది. పక్కా ఇల్లు చూడ్డానికి అలవాటుపడిన కంటికి అది ఆనదు.

రాత్రి దీపాలు చూసి జనాన్ని పట్టుకోవచ్చు కదా అంటారు. చాలాకాలం అలాగే చేశారు. అమెరికా సైన్యం వాతావరణం కోసం ఎగరేసిన ఉపగ్రహాలు వెన్నెల్లో మబ్బుల్ని చూసేవి. మబ్బు లేనిచోట కింద ఊళ్ల దీపాలు పడుతుంటే, వాటికీ ఒక ఉపయోగం ఉందని తరవాత గుర్తించారు. 2011 అక్టోబరులో వెళ్లిన సువోమి ఎన్‌పీపీ అంతకంటే ఎంతో స్పష్టంగా చూస్తుంది. కానీ దీపం మనిషి కాదు. మా కోనసీమలో సహజవాయువు బావుల దగ్గర రాత్రంతా మంట మండుతూ ఉంటుంది, ఆ వెలుగు కాపురాలది కాదు. కరెంటు లేని కొండగూడెంలో పాతిక కుటుంబాలున్నా పైనుంచి చూస్తే చిమ్మచీకటి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చాలామంది అనుకునేదేమిటంటే ఉపగ్రహం మనుషుల్ని లెక్కపెడుతుందని. లెక్కపెట్టదు. పంచుతుంది. ఒక మండలంలో అరవై వేలమంది అని జనాభా లెక్కలు చెబుతాయి. ఆ అరవై వేలనూ మండలమంతా సమానంగా చల్లితే చెరువులోనూ, చేలోనూ కూడా మనుషులున్నట్టవుతుంది. అందుకని ఉపగ్రహం చూసిన కప్పుల్ని బట్టి, కప్పులు ఎక్కువున్న గడికి ఎక్కువమందినీ, తక్కువున్న గడికి తక్కువమందినీ పంచుతారు. ఇస్ప్రావాళ్ల పటంలో గడి 100 మీటర్లు. అంటే రెండున్నర ఎకరాలకు ఎందరో చెబుతుంది. ఆ అంకె ఎక్కడిది? మాష్టర్లూ, అంగన్‌వాడీ కార్యకర్తలూ ఇల్లిల్లూ తిరిగి రాసినదే. ఆ లెక్క పాతబడితే పటం పాతబడుతుంది. ఆ లెక్కలో పడనివాళ్లను ఎంత మంచి కెమెరా అయినా తీసుకురాలేదు. కప్పే లేనివాళ్ల మాట ఇంకా వేరు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి మేం ఇల్లు లేనివాళ్లను రాశాం. బస్టాండు అరుగుల మీద, గుడి మెట్ల మీద దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లను లేపి, పేరూ వయసూ అడిగాం. వాళ్ల కోసం ఏ పటంలోనూ గడి ఉండదు.

మన దేశంలో 2021లో జరగాల్సిన లెక్కలు కరోనాతో ఆగిపోయాయి. ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా పెట్టారు. పదహారేళ్ల ఎడం. మనకంటే కష్టమైన స్థితిలో ఉన్న దేశాలున్నాయి. నైజీరియాలో చివరిసారి లెక్కపెట్టింది 2006లో. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో 1984లో. పంచడానికి అంకె లేని ఇలాంటి చోట్ల పనిని తలకిందులు చేస్తారు. అక్కడక్కడా కొన్ని గళ్లను ఎంచుకుని, మనుషులు స్వయంగా వెళ్లి ఆ గళ్లలో ప్రతి ఇంటినీ లెక్కిస్తారు. ఎలాంటి కప్పుల కింద సగటున ఎందరుంటున్నారో తెలుసుకుని, వెళ్లలేని గళ్లకు ఆ లెక్క వర్తింపజేస్తారు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు. బర్కినా ఫాసోలో 2019లో జనాభా లెక్కలప్పుడు కల్లోలం వల్ల ఎన్యూమరేటర్లు అడుగుపెట్టలేని ప్రాంతాలకు ఇలాగే అంచనా కట్టారు.

ఈ పద్ధతి ఎంత దుమారం రేపగలదో పాపువా న్యూ గినీ చూసింది. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న దేశం. కొండలు, చిట్టడవులు, వందల భాషలు. 2022లో సర్కారు లెక్క ప్రకారం జనాభా 94 లక్షలు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి ఉపగ్రహ చిత్రాలతో, ఇళ్ల సర్వేలతో కట్టిన అంచనా 1 కోటి 70 లక్షల దాకా వచ్చింది. 2022 డిసెంబరులో ఈ సంగతి పత్రికలకెక్కింది. ఒక్కసారి ఆలోచించండి. జనాభా నిజంగా అంత ఉందని తేలితే తలసరి ఆదాయం ఇంచుమించు సగానికి పడిపోతుంది. టీకాల లెక్క, బళ్ల లెక్క, ఆసుపత్రి మంచాల లెక్క అన్నీ తిరగరాయాలి. మరుసటి ఏడు ఆ దేశ గణాంక కార్యాలయం 2021 నాటికి 1 కోటి 18 లక్షల దాకా అని తన అంచనా ప్రకటించింది. రెండూ ఉపగ్రహాన్ని వాడుకున్న అంచనాలే. మధ్యలో అరకోటి మంది తేడా. అడవి కింద ఎన్ని కప్పులున్నాయి, ఒక్కో కప్పు కింద ఎందరు నిద్రపోతారు అనే రెండు ప్రశ్నల దగ్గర ఆ తేడా అంతా ఉంది. మొదటిది ఉపగ్రహాన్ని అడగొచ్చు. రెండోది గడప దగ్గర నిలబడి అడగాల్సిందే.

అలాగని ఈ పటాల్ని తీసిపారేస్తే పెద్ద పొరపాటు. ఉత్తర నైజీరియాలో పోలియో చుక్కలు వేసే బృందాలు చేత్తో గీసుకున్న పటాలు పట్టుకుని తిరిగేవి, అచ్చం నా దగ్గరున్నలాంటివే. ఎన్ని విడతలు వేసినా పోలియో కేసులు ఆగలేదు. ఉపగ్రహ చిత్రాల మీద కప్పులు గుర్తించి చూస్తే, ఆ చేతిపటాల్లో లేని పల్లెలు వేలల్లో బయటపడ్డాయి. రెండు వార్డుల సరిహద్దులో ఉన్న పల్లెను ఈ బృందం ఆ బృందానిదనుకుంది, ఆ బృందం ఈ బృందానిదనుకుంది. పశువులు కాసుకునేవాళ్ల నివాసాలు అసలు ఎవరి జాబితాలోనూ లేవు. కొత్త పటాలిచ్చి, బృందాల చేతికి ఫోన్లిచ్చి, ఎవరు ఏ దారిన వెళ్లారో సాయంత్రం చూసుకుని, మిగిలినచోటుకి మర్నాడు మళ్లీ పంపారు. 2020 ఆగస్టు 25న ఆఫ్రికా ప్రాంతంలో సహజ పోలియో వైరస్ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దాని వెనక ఎందరి కష్టమో ఉంది. అందులో ఈ పటాల వాటా చిన్నది కాదు.

గూగుల్ సంస్థ 2021లో ఆఫ్రికా భవనాల పటం విడుదల చేసింది. అందులో 51 కోట్లకు పైగా కట్టడాలున్నాయి. రెండేళ్లలో దక్షిణాసియా, ఆగ్నేయాసియా, లాటిన్ అమెరికా కలిపి 180 కోట్లయింది. మన ఊళ్లూ అందులో ఉన్నాయి. ప్రతి కప్పుకూ ఒక గీత. చూస్తుంటే ఆశ్చర్యం వేస్తుంది. గొడ్లసావిడికీ గీత ఉంటుంది, ఇంటికీ గీత ఉంటుంది. ఏది ఏదో గీతకు తెలియదు.

2025 మార్చిలో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రపంచ జనాభా పటాల్ని పరీక్షకు పెట్టిన ఫలితం ప్రకటించారు. వాళ్లు ఎంచుకున్న కొలబద్ద తెలుగువాళ్లకు బాగా తెలిసినది. ఆనకట్ట కడితే ఊళ్లు మునుగుతాయి. నష్టపరిహారం ఇవ్వాలి కాబట్టి ముంపులో ఎందరున్నారో ఒక్కొక్కరినీ రాస్తారు. 35 దేశాల్లో మూడొందల పైచిలుకు ఆనకట్టల దగ్గర అలా రాసిన లెక్కనూ, అదే చోట ప్రపంచ పటాలు చూపిన లెక్కనూ పక్కపక్కన పెట్టారు. పటాలు 53 శాతం నుంచి 84 శాతం దాకా తక్కువ చూపాయని తేలింది. ఆ లెక్కలు 1975 నుంచి 2010 నాటివని, ఇప్పటి పటాలు మెరుగుపడ్డాయని, లోయల్లోని కొన్ని ఊళ్లను బట్టి ప్రపంచమంతటికీ తీర్పు చెప్పకూడదని మిగతా శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ వాదనలోనూ బలం ఉంది. నాకు మాత్రం శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన వందకు పైగా ఊళ్లు గుర్తొస్తాయి. జాబితాలో పేరుండడం అంటే ఏమిటో, లేకపోవడం అంటే ఏమిటో అక్కడివాళ్లు మూడు తరాలుగా అనుభవిస్తున్నారు. పటంలో సగంమంది లేకపోతే, ఊరు మునగబోయే ముందు "అక్కడ పెద్దగా జనం లేరు" అని ఒకరు దూరం నుంచి చెప్పేయగలరు. నన్ను భయపెట్టేది ఆ వాక్యం.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఏది ఊరు, ఏది పట్నం? మన లెక్కల్లో మునిసిపాలిటీ కాని ఊరు పట్నం అనిపించుకోవాలంటే 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో మూడొంతులమంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. ఒక్కో దేశానిది ఒక్కో కొలత కావడంతో, 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఒక ఉమ్మడి కొలతను ఒప్పుకుంది. చదరపు కిలోమీటరు గళ్లలో 1,500 మందికి తక్కువ కాకుండా, అలాంటి గళ్లు కలిసి 50,000 మంది ఉంటే నగరం. గడికి 300 చొప్పున కలిసి 5,000 అయితే చిన్న పట్నం లాంటిది. వృత్తి అడగదు. ఈ కొలతతో 2025లో చూస్తే ప్రపంచంలో పెద్ద నగరం టోక్యో కాదని, జకార్తా అని వచ్చింది. దాదాపు 4 కోట్ల 20 లక్షలమంది. తరవాత ఢాకా. మరి మా కోనసీమ? చదరపు కిలోమీటరుకు 800 మందికి పైగా ఉంటారు. ఒక ఊరి చివర కొబ్బరిచెట్టు నీడ తరవాతి ఊరి మొదటి గోడ మీద పడుతుంది. ఈ కొలతలో మా పల్లెలు చాలామటుకు పల్లెలు కావు. వరి ఊడ్చేవాళ్లను, కొబ్బరి దింపేవాళ్లను పట్నవాసులని రాయడానికి నా మనసొప్పదు. కానీ చెత్త ఎత్తే బండీ, మురుగు కాలవా, మంచినీళ్ల గొట్టమూ పట్నానికి కావలసినంత ఈ ఊళ్లకూ కావాలి. ఆ సంగతి మన పాత కొలత చెప్పలేదు, ఆకాశం నుంచి వచ్చిన కొలత చెప్పింది.

ఆ మధ్య ఒకనాడు నా పాత బ్లాకును ఉపగ్రహ చిత్రంలో వెతికాను. బడి శ్లాబు దొరికింది. రైసుమిల్లు రేకులు దొరికాయి. కాలవ అవతల ఒకప్పటి చేలు చెరువులయ్యాయి. ఆ తోట ఉన్నచోట కొబ్బరి తలలు నక్షత్రాల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, మధ్యలో ఖాళీ లేదు. భవనాల పటం తెచ్చి దాని మీద పెట్టాను. అక్కడ ఒక్క గీత లేదు.

మళ్లీ లెక్కలు వస్తున్నాయి. ఈసారి ఫారాలు పోయి సెల్‌ఫోన్లు వస్తాయి. ఆ బ్లాకు ఎవరికి పడుతుందో నాకు తెలియదు. ఈ మాటలు వింటున్న మాష్టరుగారికో, టీచరమ్మకో పడితే ఒక్క మాట. వంతెన దాటాక కుడిచేతి వైపు మూడో తోట. గట్టు వెంబడి లోపలిదాకా వెళ్లండి. సాయంత్రం ఆరింటప్పుడు వెళ్లండి, పొయ్యి వెలిగించేది ఆ వేళకే.